కత్తెరమ్మ తీసేసిన వాక్యం

కత్తెరమ్మకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది. బ్యాంకు పుస్తకం మీద, పెళ్లి కాగితం మీద తప్ప అది ఇంకెక్కడా కనబడదు. పన్నెండేళ్లు బట్టలు సరిచేసే కొట్టులో కూర్చుని ఊళ్లోవాళ్ల ప్యాంట్లు పొట్టి చేసింది, చొక్కాలు వదులు చేసింది. ఆ తర్వాత ఇరవై ఒక్క ఏళ్లుగా ఆడవాళ్ల రేడియో స్టేషన్‌లో గొంతులు సరిచేస్తోంది. అప్పుడూ కత్తిరింపే, ఇప్పుడూ కత్తిరింపే. పేరు అలా అతుక్కుపోయింది. ఇప్పుడు అత్తగారు కూడా అలాగే పిలుస్తుంది.

స్టేషన్ అనగానే గొప్పగా ఊహించుకోకండి. బట్టలుతికే దుకాణం మీద రెండు గదులు. ఒకదాంట్లో మైకు, ఇంకోదాంట్లో కత్తెరమ్మ, మధ్యలో మందపాటి అద్దం. గోడలకు కోడిగుడ్ల అట్టలు, కిటికీకి రెండు బొంతలు. కింద పెద్ద మెషిన్ పదకొండు నుంచి పన్నెండు దాకా తిరుగుతుంది. ఆ గంటసేపూ పై అంతస్తు నేల కూడా వణుకుతూనే ఉంటుంది కాబట్టి అప్పుడు ఎవరూ మైకు ముందు కూర్చోరు. డాబా మీద ఒక ఇనుప స్తంభం. దాన్నుంచి బయల్దేరిన గొంతు బస్సు డిపో దాటి వంతెన దగ్గరికి వెళ్లేసరికి గరగరలాడి చచ్చిపోతుంది. అయినా ఆ మధ్యలో ఉన్న వంటగదుల్లో, కుట్టు కొట్లలో, ఆసుపత్రి వెనక గదుల్లో దాని కోసం చెవి కోసుకునేవాళ్లున్నారు.

దాన్ని పెట్టింది టీచరమ్మ. డెబ్భై నాలుగేళ్లు, మాట కటువు, మనిషి నిటారు. బడి నుంచి రిటైరవుతూ ఒక నల్లబల్ల వెంట తెచ్చుకుంది. దాని మీద స్టేషన్ నియమాలు సుద్దతో రాసి, ఎవరూ చెరపకుండా పైన వార్నిష్ పూసింది. అదీ ఆవిడ తీరు. సూదీ దారం తప్ప ఇంకేమీ తెలియని కత్తెరమ్మను పిలిచి, తలకు హెడ్‌ఫోన్లు తగిలించి, మొదటిరోజే చెప్పింది: "మాటని కొయ్యి, ఊపిరిని కొయ్యకు. మనిషి మాట ఎత్తుకునే ముందు గాలి పీల్చుకుంటుంది. అక్కడ కోశావంటే వినేవాళ్లకి ఎందుకో తెలీదు గానీ ఉక్కిరిబిక్కిరవుతారు." ఆ ఒక్క మాట పట్టుకుని కత్తెరమ్మ తన పని నేర్చుకుంది. టీచరమ్మ లేకపోతే తానింకా ప్యాంట్లు పొట్టి చేస్తూ ఉండేదానినని ఆమెకు తెలుసు. ఆ విశ్వాసం ఆమెలో నిలువెల్లా ఉంది.

నల్లబల్ల మీద మూడో నియమం ఇది: "ఎవరి గురించి మాట్లాడామో వాళ్ల చెవే ముందు చెవి." ఇది ఊరికే పుట్టలేదు. మొదటి ఏడాది ఒకావిడ మైకు ముందు కూర్చుని తన చెల్లెలి కాపురం గురించి కన్నీళ్లతో చెప్పుకుంది. చెల్లెలు దాన్ని కొట్లో నిలబడి, పదిమందితోపాటు వింది. ఆ అక్కచెల్లెళ్లు మళ్లీ మాట్లాడుకోలేదు. అప్పట్నుంచీ స్టేషన్‌లో ఒక బల్ల, రెండు హెడ్‌ఫోన్లు. మాట్లాడినవాళ్లు, ఎవరి గురించి మాట్లాడారో వాళ్లు పక్కపక్కన కూర్చుని మొత్తం వినాలి. అయ్యేదాకా నోరు మెదపకూడదు. మాట్లాడినవాళ్లు తమ మాటల్లో ఏదైనా తీయించుకోవచ్చు. రెండోవాళ్లు తమ సొంత గుట్టు బయటపడ్డ చోట మాత్రమే చెయ్యెత్తాలి: పేరు, చిరునామా, జబ్బు, పడకగది. అభిప్రాయం మీద చెయ్యెత్తడానికి వీల్లేదు. దానికి జవాబు చెప్పుకోవడానికి, వాళ్లెవరైనా సరే, అదే గంటలో అన్నే నిమిషాలు ఇస్తారు.

ఇక టవరక్క. స్తంభం ఎక్కి తీగలు బిగించేది ఆమె. గాలివానకి స్టేషన్ గొంతు పోయిన ప్రతిసారీ నడుముకి తాడు కట్టుకుని పైకి వెళ్లి, దాన్ని తిరిగి తీసుకొచ్చేది ఆమె. వయసులో చాలామంది కంటే చిన్నదే గానీ అందరికీ అక్కే. పుట్టినప్పుడు కాగితాల్లో మగపిల్లాడని రాశారు. ముప్ఫయ్యో ఏట తాను ఆడదాన్నని పైకి చెప్పి, ఆడదానిగా బతకడం మొదలుపెట్టింది. ఊరు ఏమన్నదో మనం ఊహించుకోగలం. తొమ్మిదేళ్లుగా స్తంభం ఎక్కుతున్నా, ఆమె మైకు ముందు కూర్చున్నది ఒక్కసారే, ఆరేళ్ల కిందట. పిడుగుల కాలంలో ఏ తీగ ముట్టుకోకూడదో నాలుగు నిమిషాలు చెప్పింది. ఆ నాలుగు నిమిషాల సంగతి మళ్లీ వస్తుంది.

గొడవ ఎలా మొదలైందంటే, స్టేషన్‌లోని చిన్నవాళ్లు, ముఖ్యంగా వార్తలు చదివే అమ్మాయి, టవరక్కకి వారానికో కార్యక్రమం ఇద్దామన్నారు. ఇంట్లో ఫ్యూజు ఎలా వేసుకోవాలి, మిక్సీ ఎలా విప్పాలి, ఇలాంటివి. శుక్రవారం పదింటికి వచ్చే గంట అది. ఆ గంటలో మైకు ముందు ఆడవాళ్లు తప్ప ఎవరూ మాట్లాడరన్నది మొదటి నియమం. టీచరమ్మ ఒంటికాలి మీద లేచింది. లేచి ఊరుకుందా, ప్రతి శుక్రవారం తాను చెప్పే పన్నెండు నిమిషాల మాటలో అదంతా రికార్డు చేసి, కత్తెరమ్మ ముందు పెట్టింది.

"ఒక్క ముక్క కూడా తియ్యకు. ఎల్లుండి వెయ్యాలి," అంది.

కత్తెరమ్మ విన్నది. టీచరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేదేమో, తీసేయడం తేలికయ్యేది. "పుట్టిన దగ్గర్నుంచీ ఆడపిల్లవి, నోర్మూసుకో అని చెప్పించుకుని పెరిగినవాళ్ల కోసం ఈ గది కట్టుకున్నాం," అంది ఆ గొంతు. "టవరక్క మంచి మనిషి. ఆవిడ కష్టాన్ని నేను కాదనను. ఆవిడ కష్టం వేరు, మా కష్టం వేరు. ఈ కుర్చీ మా కష్టం కోసం వేసింది. ఈ మాట పైకి అనడానికి కూడా భయపడే రోజొస్తే ఇంక రేడియో ఎందుకు, తాళం వేసుకుందాం." అలా పోతూ పోతూ, ఎనిమిదో నిమిషంలో టవరక్కకి పుట్టినప్పుడు పెట్టిన మగపేరు బయటపెట్టింది. కత్తెరమ్మ రికార్డింగు ఆపి, ఆ చోటుని ఇంకోసారి విన్నది.

ఆ సాయంత్రానికల్లా సంగతి అందరికీ పాకింది. వార్తలమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది.

"అది వేస్తే మేం ఐదుగురం రేపట్నుంచి రాం. మాట్లాడే హక్కుందని ఎవరి మీద ఏదైనా అనేస్తారా?"

"అనేయడానికి లేదు. మూడో నియమం ఉంది."

"నియమం కాదు కత్తెరమ్మా, నీ చేతిలో ఉంది! రికార్డింగు పోయిందని చెప్పు. మెషిన్ పాడైందని చెప్పు. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

వెనకాలే టీచరమ్మ జట్టు ఫోన్లు. వెయ్యకపోతే ఇన్నాళ్లు గొంతు గొంతు అని అరిచిందంతా నాటకమేనా అని ఒకరు, పిల్లకాకులు చెప్తే పెద్దావిడ నోరు నొక్కుతావా అని ఇంకొకరు. కత్తెరమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. ఉన్నదున్నట్టు వేస్తే టవరక్క ముఖం చూడలేదు. తీసేస్తే టీచరమ్మ ముఖం చూడలేదు. ఏదో ఒకటి చేసి చేతులు దులుపుకుందామంటే ఆ చేతులే ఒప్పుకోవడం లేదు.

ఇంట్లో బస్సు డ్రైవరైన మొగుడు డ్యూటీ దిగి వచ్చి బూట్లు విప్పుతూ అడిగాడు, "ఏమిటోయ్, డ్యూటీ నాదా నీదా? నాకంటే అలిసిపోయి కూర్చున్నావ్?"

ఆమె చెప్పింది. ఆయన ఆవులించాడు గానీ మొత్తం విన్నాడు. మూల కుర్చీలో ఉన్న అత్తగారు మధ్యలో దూరింది.

"ఎవరూ, మన టీవీ బాగుచేసిపోయిన టవరక్కేనా? దాన్నేమంటుంది మీ టీచరమ్మ?"

"ఆడవాళ్ల కుర్చీలో కూర్చోకూడదంటుంది అత్తయ్యా."

"దానికి కూర్చునే తీరికెక్కడిది, ఎప్పుడు చూసినా ఎక్కే ఉంటుంది," అని అత్తగారు కొట్టిపారేసింది. ఆ మాటకి కత్తెరమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతోపాటే ధైర్యం కూడా వచ్చింది. నియమం ఉండగా తాను ఎవరి వైపు నిలబడాలా అని ఎందుకు కొట్టుకోవాలి? రేపు ఇద్దర్నీ బల్ల మీద కూర్చోబెట్టాలి. అంతే.

"టవరక్కని పక్కన కూర్చోమని నేను చెప్పను. రమ్మని నువ్వే చెప్పుకో," అంది టీచరమ్మ మర్నాడు.

"నియమం రాసింది మీరు. వార్నిష్ పూసింది మీరు. ఆమె వినకుండా ఇది గాల్లోకి వెళ్లదు టీచరమ్మా. మీరు అరిచినా వెళ్లదు." జీవితంలో మొదటిసారి కత్తెరమ్మ ఆవిడకి అలా ఎదురుచెప్పింది. చెప్పి, రెండు హెడ్‌ఫోన్లూ తెచ్చి బల్ల మీద పెట్టింది. టీచరమ్మ గుడ్లురిమింది. ఆ తర్వాత చేతికర్ర పక్కన పెట్టి, బల్ల మీద కూర్చుంది.

టవరక్క చేతులకి అంటిన నల్ల గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చి రెండో చివర కూర్చుంది. ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత చోటు. హెడ్‌ఫోన్ల తీగలు పొట్టివి కావడంతో ఇద్దరూ కొంచెం దగ్గరికి జరగాల్సి వచ్చింది. పన్నెండు నిమిషాలు ఎవరూ ఎవరినీ చూడలేదు. ఎనిమిదో నిమిషంలో టవరక్క చెయ్యి లేచింది. అప్పటిదాకా ఎదురుగా గోడనే చూస్తున్న ఆమె కళ్లు మూసుకుంది. చెయ్యి మాత్రం దించలేదు.

అయ్యాక టీచరమ్మే ముందు అంది, "ఆ పేరు నిజం కదా? నిజం చెప్పడానికి కూడా లేదా?"

"ఇదివరకు ఒకావిడ చెప్పిన మొగుడి జబ్బు నిజమే, పక్కింటావిడ గర్భం పోయిందన్నదీ నిజమే. అవన్నీ మీరే తీయించారు," అంది కత్తెరమ్మ. "పేరు, చిరునామా, జబ్బు, పడకగది. మొదటి మాట పేరే."

టీచరమ్మ నల్లబల్ల వైపు చూసింది. తన దస్తూరీని తానే కాదనలేక ముఖం ముడుచుకుని, "తియ్యి," అంది. "మిగతాది?"

"మిగతాది ఉంచండి," అంది టవరక్క. గది నిండిపోయే బొంగురు గొంతు ఆమెది. "నా వెనకాల ఎలాగూ అనుకునేదే. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నవాళ్లు టీచరమ్మగారొక్కరే."

బయట నిలబడి వింటున్న వార్తలమ్మాయి ముఖం మాడిపోయింది. అయినా ఐదుగురూ ఇంటికి పోలేదు. ఏం జరుగుతుందో చూడాలని అందరికీ ఉంది, కోపం ఉన్నంత మాత్రాన కుతూహలం ఎక్కడికి పోతుంది.

టవరక్క మైకు ముందు కూర్చుంది. జవాబుకి పన్నెండు నిమిషాలున్నా ఆరే వాడుకుంది. టీచరమ్మ నోరు నొక్కాలని తాను ఏనాడూ కోరుకోనంది. "నన్ను కూడా నోర్మూసుకోమనే పెంచారు. ఏం మాట్లాడితే ఎవరికి తెలిసిపోతుందోనని ఇరవై ఏళ్లు ఇంట్లో గుసగుసగానే మాట్లాడాను. మీ కష్టం, నా కష్టం ఒకటేనని నేననను. ఒకే గదిలో పడతాయి అంటున్నాను, అంతే," అంది. ఆ తర్వాత అంది: "ఒకసారి ఈ స్టేషన్‌లోనే నా గొంతు నాది కాకుండా పోయింది. ఎవరు చేశారో చెప్పను. మంచికే చేశారు. కానీ టీ కొట్టు దగ్గర నిలబడి విన్నప్పుడు ఎవరో వేరే మనిషి నా మాటలు చెప్తోంది. నన్ను తిట్టినవాళ్లెవరూ నన్ను అంత ఒంటరిదాన్ని చెయ్యలేదు."

అద్దం ఇవతల కత్తెరమ్మ హెడ్‌ఫోన్లు తీసేసింది.

అది ఆమె చేసిన పనే. కంప్యూటరు తెర మీద ఒక మీట ఉంది, దాన్ని పక్కకి జరిపితే బొంగురు గొంతు సన్నబడుతుంది. పిడుగుల గురించి టవరక్క చెప్పిన ఆ నాలుగు నిమిషాల్ని, వినేవాళ్లు వెక్కిరిస్తారేమోనని, కత్తెరమ్మ ఎవరినీ అడక్కుండా సన్నగా చేసింది. వదులు చొక్కాని ఒంటికి సరిపడేట్టు బిగించినంత తేలిగ్గా, ప్రేమతోనే చేసింది. వారం తర్వాత టవరక్క వచ్చి, "అది నేను కాదు," అని ఒక్క మాట అని, స్తంభం ఎక్కడానికి వెళ్లిపోయింది. మళ్లీ మైకు ముందుకి రాలేదు. కత్తెరమ్మ క్షమించమని అడగలేదు. అడుగుదామనుకుంటూనే ఆరేళ్లు మొహం చాటేసింది. ఇప్పుడు ఊరంతా వినబోయే చోట కూడా ఆ మనిషి కత్తెరమ్మ పేరు దాచింది. ఆ దాచడం ఆమె భరించలేకపోయింది.

రికార్డింగు ఆపి, దాని ఎర్ర బల్బు ఆర్పి, అద్దం చుట్టూ తిరిగి అవతలి గదిలోకి వెళ్లింది.

"లే టవరక్కా. ఆ కుర్చీ నాకు కావాలి."

"నీకా? ఎందుకు?"

"నేను కూడా ఆడదాన్నే కదా. మాట్లాడతాను."

ఇరవై ఒక్క ఏళ్లలో కొన్ని వేల గొంతులు ఆమె చేతుల మీదుగా వెళ్లాయి. ఆమె గొంతు ఒక్కసారి కూడా వెళ్లలేదు. పదిన్నరకి మొదలుపెట్టింది, పదకొండుకి మెషిన్ తిరగడం మొదలయ్యేలోపు ముగించాలి. నీళ్లు నమిలింది, దగ్గింది, రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టింది. ఆఖరికి తాను చేసిన పనంతా చెప్పింది. చెప్పి బయటికొచ్చేసరికి జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది.

ఆ మధ్యాహ్నం తన గొంతుని తానే తెర మీద పరుచుకుని కూర్చుంది. దగ్గులు తీసింది, తడబాట్లు తీసింది. ఒకచోట చెయ్యి ఆగింది. ఆ వాక్యాన్ని నాలుగుసార్లు విన్నది. తీసేసింది. మంచిగానే అతికింది, ఎవరికీ తెలియదు అనుకుంది.

ఆ ఏడు నిమిషాల్లో ఇద్దరి గురించి మాట్లాడింది కాబట్టి ఇద్దరూ వినాలి. తీగలు రెండే కనక తాను నిలబడింది. టవరక్క వింటూ వింటూ తల వంచుకుంది. మీట సంగతి వచ్చినప్పుడు పెదవి బిగించింది, చెయ్యెత్తలేదు. అయ్యాక కత్తెరమ్మ చెయ్యి పట్టుకుని, "ఆరేళ్లు పట్టిందా నీకు?" అంది. కత్తెరమ్మ ఏడ్చేసింది. ఏడుస్తూనే, "తప్పైపోయిందక్కా," అంది.

టీచరమ్మ మాత్రం హెడ్‌ఫోన్లు తీయలేదు.

"వెనక్కి తిప్పు. ఐదో నిమిషం."

తిప్పింది.

"ఇంకోసారి."

తిప్పింది.

"ఇక్కడ ఊపిరి తెగింది," అంది టీచరమ్మ. "'టీచరమ్మ నాకు మాట నేర్పింది' అన్నావు. గాలి పీల్చుకున్నావు. ఆ గాలితో ఇంకేదో అనబోయావు. కానీ ఆ తర్వాత వచ్చిన మాట ఆ గాలిది కాదు. ఏం తీశావే ఇక్కడ?"

"ఏం లేదు టీచరమ్మా. దగ్గు."

"నాకు చెవుడు రాలేదు ఇంకా."

కత్తెరమ్మ గోడకేసి చూసింది, నేలకేసి చూసింది, చూడ్డానికి ఇంకేమీ మిగలక తెర మీద పక్కన పడేసిన ముక్కని వెతికి వినిపించింది. అందులో ఆమె గొంతు వణుకుతూనే స్పష్టంగా అంది: "ఈ ఒక్క విషయంలో మాత్రం టీచరమ్మ తప్పు. పన్నెండు నిమిషాలు నేను విన్నాను, ఆవిడ తప్పు. ఆ కుర్చీలో టవరక్క కూర్చోవాలి."

టీచరమ్మ నిటారుగా కూర్చునే ఉంది.

"ఇది ఎందుకు తీశావు?"

"మీ ముందు... మీరు..."

"నా మాట ఒక్క ముక్క కూడా తియ్యొద్దని నీకు చెప్పానా? చెప్పాను. నా మాటకి ఒక న్యాయం, నీ మాటకి ఒక న్యాయమా?" ఆవిడ గొంతు గట్టిగా లేచింది, మళ్లీ తగ్గింది. "నేను తప్పని నేననుకోవడం లేదు. రేపు దీని మీద అందరం సభ పెట్టుకున్నా వద్దనే చెయ్యెత్తుతాను. కానీ నా దగ్గర పని నేర్చుకున్నదానివి, నాకు భయపడి నోర్మూసుకుంటే, ఇరవై ఒక్క ఏళ్లు నేనిక్కడ ఏం చేసినట్టు? పెట్టు."

"టీచరమ్మా—"

"పెట్టవే. ఊపిరితో సహా పెట్టు."

శుక్రవారం పదింటికి మూడూ ఒకదాని వెనక ఒకటి వెళ్లాయి: టీచరమ్మ పన్నెండు, టవరక్క ఆరు, కత్తెరమ్మ ఏడు. బస్సులో మొగుడు వాల్యూం పెంచి, డిపో దగ్గర బండి ఆపినా ఎవరూ దిగలేదట. ఆయన గొప్పలు చెప్పే రకమే కాబట్టి సగం నమ్మవచ్చు. స్టేషన్‌లో ఆ ఇరవై ఐదు నిమిషాలూ టీచరమ్మ అద్దం పక్కనే కూర్చుంది. ఆవిడను తప్పన్న వాక్యం గాల్లోకి వెళ్తున్నప్పుడు కత్తెరమ్మ చేతులు మీటల మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది, ఇంక వాటికి చేసే పనేమీ లేదని. వాక్యం వెళ్లిపోయింది.

టీచరమ్మ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"బాగా అతికావు," అంది. "ఎక్కడా తెలీలేదు."